మెదడు ధమని మీద బుడగ: పరిమాణం, ఆకారం, పగిలే ప్రమాదం



మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనుల గోడ ఒక్కోసారి ఒకచోట బలహీనపడి, బయటికి చిన్న బుడగలా ఉబ్బుతుంది. దీన్ని వైద్యులు ఎన్యూరిజం అంటారు. వెడల్పు కావడం అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. పెద్దవయసువారిలో నూటికి సుమారు 3 మందికి ఇలాంటి బుడగ ఉంటుందని పరిశోధకుల అంచనా. వారిలో ఎక్కువమందికి అది ఉన్నట్టే తెలియదు. బతికినంతకాలం అది వారి జోలికి రాదు. కొద్దిమందిలో మాత్రం పగులుతుంది. పగిలితే రక్తం మెదడు చుట్టూ ఉండే పొరల మధ్యకు చిమ్ముతుంది. దీన్ని సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్ అంటారు. దీని బారిన పడినవారిలో మూడోవంతు మంది దాకా చనిపోతారు. బతికినవారిలో చాలామందికి ఏదో ఒక లోపం మిగిలిపోతుంది.

కాబట్టి, ఏ బుడగ పగులుతుంది, ఏది పగలదు అని ముందుగా చెప్పడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. చాలాకాలం వైద్యులు దీనికి పరిమాణంతోనే జవాబు చెప్పారు. ఎన్ని మిల్లీమీటర్లు ఉంది, అంతే. గత పాతికేళ్లలో బుడగ ఆకారం కూడా చూడాలనే వాదం బలపడింది. ఆ వాదంలోని బలం ఎంతో, బలహీనత ఎక్కడో ఇప్పుడు చూద్దాం.

లెక్కలకు ఆధారంగా ఉండడానికి ఒక వ్యక్తిని ఊహించుకుందాం. ఆయన దక్షిణ పూర్వ రైల్వేలో పనిచేసే తెలుగు ఉద్యోగి. వయసు 52. హౌరా దగ్గర సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్సులో కాపురం. రక్తపోటు ఉంది, మాత్రలు వాడుతున్నారు. తల తిరుగుతోందని స్కానింగ్ చేయించుకుంటే, ఆ తిరుగుడుకు ఏ సంబంధమూ లేని 5 మిల్లీమీటర్ల బుడగ ఒకటి బయటపడింది. మెదడు ముందుభాగానికి రక్తం తీసుకుపోయే రెండు ధమనులను కలిపే చిన్న వంతెన లాంటి నాళం మీద అది ఉంది. ఆ నాళాన్ని ఆంటీరియర్ కమ్యూనికేటింగ్ ధమని అంటారు. ఇప్పుడు ఆయన ఆపరేషన్ చేయించుకోవాలా, ఊరుకోవాలా?

ముందు, ఈ బుడగలు ఎక్కడ పుడతాయో చూడాలి. మెదడు అడుగున ధమనులు ఒకదానితో ఒకటి కలిసి వలయంలా ఉంటాయి. ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. అందుకే దీనికి విల్లిస్ వలయమని పేరు. బుడగలు ఎక్కువగా ఈ వలయం మీద, ధమనులు చీలే చోటనే పుడతాయి. విశాఖపట్నం వైపు నుంచి హౌరాకు రైలులో వెళ్లినవారికి సంత్రాగాఛి జంక్షన్ గుర్తుండే ఉంటుంది. అక్కడ లైను చీలుతుంది. ఒకటి హౌరాకు, ఒకటి షాలిమార్‌కు, ఒకటి ఆమ్తా వైపు. నేరుగా పోయే పట్టా కన్నా, పట్టాలు చీలే క్రాసింగుల దగ్గర ఇనుము త్వరగా అరుగుతుందని రైల్వే ఇంటి పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. చక్రం దెబ్బ అక్కడ తగులుతుంది. ధమని చీలే చోట కూడా రక్తపు ధార నేరుగా ఆ చీలిక మొన మీద కొడుతుంది. రోజుకు లక్షసార్లు, గుండె కొట్టుకున్నప్పుడల్లా.

దానికి తోడు మెదడు ధమనుల గోడకు ఒక లోటుంది. శరీరంలో మిగతాచోట్ల ఇంతే లావున్న ధమనులకు లోపల ఒక సాగే పొర, బయట ఒక సాగే పొర ఉంటాయి. మెదడు ధమనులకు బయటి సాగే పొర ఉండదు. కండర పొర కూడా పలుచన. పొగ తాగడం, రక్తపోటు ఈ గోడను ఇంకా దెబ్బతీస్తాయి.

ఇక పరిమాణం సంగతి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మీరు లాప్లాస్ నియమం చదివి ఉంటారు. పలుచని గోడ ఉన్న గోళంలో, గోడ మీద పడే ప్రతిబలం లోపలి పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. ఒక లెక్క వేద్దాం. రక్తపీడనం 120 మిల్లీమీటర్ల పాదరసం, అంటే సుమారు 16 కిలోపాస్కల్‌లు. బుడగ వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లు, గోడ మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే ప్రతిబలం 240 కిలోపాస్కల్‌లు. వ్యాసార్ధం రెట్టింపయితే ప్రతిబలం రెట్టింపు. పెద్ద బుడగకు ప్రమాదం ఎక్కువన్న నమ్మకానికి పునాది ఇదే, అది తప్పు కాదు కూడా. అయితే సూత్రంలో హారం వైపు కూడా చూడండి. వ్యాసార్ధం అలాగే ఉండి గోడ 0.05 మిల్లీమీటరుకు పలచబడినా ప్రతిబలం అంతే రెట్టింపవుతుంది. మందాన్ని స్కానింగులో నమ్మకంగా కొలవడం చాలా కష్టం. వ్యాసాన్ని కొలవడం తేలిక. తేలికగా కొలవగలిగినదాన్నే ముఖ్యమైనదని అనుకోవడం శాస్త్రంలో తరచూ జరిగేదే.

పరిమాణం మీద పెద్ద అధ్యయనం ఒకటి 1998లో వెలువడింది. అనేక దేశాల ఆసుపత్రులు కలిసి చేసినది. ఇంతకుముందు ఏ బుడగా పగలని రోగుల్లో, 10 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి ఏడాదికి 0.05 శాతమే పగులుతాయని అది చెప్పింది. అంటే రెండువేల మందిలో ఒకరు. ఈ అంకె చూసి శస్త్రచికిత్స నిపుణులు ఆశ్చర్యపోయారు. ఎందుకంటే, పగిలి ఆసుపత్రికి వచ్చే బుడగల్లో చాలావరకు 10 మిల్లీమీటర్ల లోపువే. ఇందులో కొంత సంఖ్యల మాయ ఉంది. చిన్న బుడగలు ఎక్కువ మందిలో ఉంటాయి కనుక, వాటిలో కొద్ది శాతం పగిలినా మొత్తం మీద ఎక్కువగానే కనిపిస్తాయి. అయినా ఒక సందేహం మిగిలింది. ఒకే పరిమాణం ఉన్న రెండు చిన్న బుడగల్లో ఒకటి పగిలి ఒకటి పగలకపోతే, ఆ రెంటికీ తేడా ఏమిటి?

చిత్రాల్లో కంటికి కనిపించే తేడా ఆకారమే. లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ 1927లో మెదడు ధమనులను ఎక్స్‌రేలో చూపించే ఆంజియోగ్రఫీని కనిపెట్టిన తరువాత, బుడగల నీడలు వైద్యులకు కనిపించసాగాయి. కొన్ని నున్నగా ఉన్నాయి. కొన్నిటి మీద బుడిపె ఉంది, పెద్ద బుడగ మీద పిల్ల బుడగలా. పగిలినవాటిలో ఈ బుడిపెలు ఎక్కువని అనుభవజ్ఞులకు తెలుసు. అయితే ఒకరు గరుకు అన్నదాన్ని మరొకరు నునుపు అనవచ్చు. ఆకారాన్ని అంకెగా మార్చాల్సిన అవసరం అక్కడే వచ్చింది.

మొదటి అంకె చాలా సరళమైనది. బుడగ ఎత్తును దాని మెడ వెడల్పుతో భాగించాలి. మెడ అంటే బుడగ ధమనికి అంటుకున్న చోటు. దీన్ని ఆస్పెక్ట్ నిష్పత్తి అంటారు. మన ఉద్యోగి బుడగ ఎత్తు 5, మెడ 2.5 అయితే నిష్పత్తి 2. మెడ కూడా 5 అయితే నిష్పత్తి 1. జపాన్‌లో ఉజియే, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన పరిశీలనలో, పగిలిన బుడగల్లో దాదాపు 80 శాతానికి ఈ నిష్పత్తి 1.6 కన్నా ఎక్కువగా ఉంది. పగలనివాటిలో దాదాపు 90 శాతానికి తక్కువగా ఉంది. కారణం ఊహించవచ్చు. మెడ సన్నగా, బుడగ పొడుగ్గా ఉంటే లోపలి చివర దాకా రక్తం చురుగ్గా చేరదు. అక్కడ ప్రవాహం మందగిస్తుంది, గోడ కణాలు దెబ్బతింటాయి.

రెండో అంకె బుడగ పరిమాణాన్ని అది పుట్టిన నాళం వ్యాసంతో పోలుస్తుంది. అమెరికాలోని బఫెలోలో ఒక బృందం 2008లో దీన్ని ముందుకు తెచ్చింది. 4 మిల్లీమీటర్ల నాళం మీద 5 మిల్లీమీటర్ల బుడగకు నిష్పత్తి 1.25. అదే బుడగ 2 మిల్లీమీటర్ల సన్నని నాళం మీద ఉంటే 2.5. ఆంటీరియర్ కమ్యూనికేటింగ్ ధమని సన్నది కాబట్టి, దాని మీద చిన్న బుడగ కూడా చిన్నది కాకుండా పోతుంది. స్కేలు మీద 5 అని చదివి ధైర్యం చెప్పడం ఎందుకు సరిపోదో ఇక్కడ తెలుస్తుంది.

పై రెండు అంకెలూ బుడగ ఎత్తువెడల్పులనే చెబుతాయి కానీ గరుకుతనాన్ని చెప్పవు. దాన్ని కొలిచే పద్ధతికి మళ్లీ సంత్రాగాఛికే వెళదాం. స్టేషన్ పక్కనే పెద్ద ఝీల్ ఉంది. చలికాలంలో వలస పక్షులు దిగే నీటి మడుగు అది. మడుగుల గురించి చదివే శాస్త్రజ్ఞులు, ఒక చెరువు గట్టు ఎంత వంకరటింకరగా ఉందో చెప్పడానికి ఒక ఉపాయం చేస్తారు. చెరువు గట్టు పొడవును, అంతే వైశాల్యమున్న వృత్తం చుట్టుకొలతతో భాగిస్తారు. గుండ్రటి చెరువుకు జవాబు 1. నలుచదరపు చెరువుకు 1.13. పాయలుపాయలుగా ఉన్నదానికి ఇంకా ఎక్కువ. మరో ఉపాయం కూడా ఉంది. చెరువు పటం చుట్టూ ఒక రబ్బరు బ్యాండు బిగించామనుకోండి. బ్యాండుకూ నీటికీ మధ్య ఎంత ఖాళీ మిగిలితే, గట్టు అంత లోపలికి నొక్కుకుపోయిందన్నమాట.

ఈ రెండు ఉపాయాలనూ మూడు కొలతల్లోకి తెస్తే బుడగకు సరిపోతాయి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన మాధవన్ రాఘవన్, తన సహచరులు మా, హార్బాలతో కలిసి 2005లో ప్రచురించిన పత్రంలో చేసిన పని ఇలాంటిదే. సి.టి. ఆంజియోగ్రఫీ నుంచి బుడగ రూపాన్ని కంప్యూటర్‌లో మూడు కొలతల్లో కట్టి, దాని ఘనపరిమాణాన్నీ ఉపరితల వైశాల్యాన్నీ లెక్కించారు. బుడగకు బిగుతుగా, ఎక్కడా లోపలికి వంగకుండా తొడిగిన తొడుగు ఘనపరిమాణం 100 ఘన మిల్లీమీటర్లు, బుడగది 90 అయితే, తేడా 10. అంటే ఎగుడుదిగుడు సూచిక 0.1. గోళానికి ఎంత దూరంగా ఉందో చెప్పే మరో సూచిక ఉంది. అందులో ఒక ముచ్చటైన విషయం: అక్కడ పోలికకు తీసుకునేది నిజానికి గోళం కాదు, అర్ధగోళం. బుడగ ధమని మీద కూర్చుని ఉంటుంది కదా, మెడ దగ్గర గోడ ఉండదు. తడి పళ్లెం మీద సబ్బు బుడగ ఊదితే అది ఏ ఆకారంలో కూర్చుంటుందో ఇంట్లో ఒకసారి చూడండి. కొంత గాలిని అతి తక్కువ చర్మంతో మూసే ఆకారం అదే. అర్ధగోళానికి ఉపరితల వైశాల్యపు ఘనాన్ని ఘనపరిమాణపు వర్గంతో భాగిస్తే 18π వస్తుంది, వ్యాసార్ధం ఎంతైనా సరే. ఇది మీరు రెండు పంక్తుల్లో నిరూపించగలరు. అసలు బుడగకు ఈ విలువ ఎంత పెరిగితే, అంత గతి తప్పిన ఆకారమన్నమాట.

వారు పరీక్షించిన బుడగల సంఖ్య కొద్దే. అయినా పగిలినవాటినీ పగలనివాటినీ వేరు చేయడంలో ఆకారపు సూచికలు బాగా పనిచేశాయి, పరిమాణం ఒక్కటే అంత బాగా పనిచేయలేదు. ఆ తరువాత ప్రపంచంలో చాలాచోట్ల ఇలాంటి లెక్కలు జరిగాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. పగిలిన బుడగలను ఎప్పుడు చిత్రీకరించారు? పగిలిన తరువాత. పగలడం వల్లనే ఆకారం మారి ఉంటే? వాగు గట్టు తెగిన తరువాత ఫోటో తీసి, గట్టుకు గండి ఉంది కాబట్టే తెగిందని చెప్పినట్టవుతుంది. ఇది ఉత్త అనుమానం కాదు. నార్వేలో పరిశోధకులు, పగలక ముందూ పగిలాకా చిత్రాలు ఉన్న 29 బుడగలను దేశమంతా వెతికి పట్టుకుని 2017లో పోల్చి చూశారు. పరిమాణమూ ఆకారమూ రెండూ మారాయి. కాబట్టి పగిలిన తరువాత కొలిచిన అంకెలను, పగలని బుడగ ఉన్న మనిషికి ఉన్నవున్నట్టు వర్తింపజేయకూడదు. విద్యార్థులు ఏ శాస్త్రం చదివినా, కొలత ఎప్పుడు జరిగిందని అడగడం అలవాటు చేసుకోవాలి.

ఈ చిక్కును దాటే మార్గం ఒకటే. పగలని బుడగలను ముందే చిత్రీకరించి, ఏళ్లతరబడి ఎదురుచూడాలి. జపాన్‌వారు అదే చేశారు. 2012లో ప్రచురించిన వారి అధ్యయనంలో 5,720 మంది రోగులు, 6,697 బుడగలు. వాటిలో 111 పగిలాయి. సగటున ఏడాదికి 0.95 శాతం. పిల్ల బుడగ ఉన్నవి, లేనివాటికన్నా 1.63 రెట్లు ఎక్కువగా పగిలాయి. ఇక్కడ ఆకారం ముందే నమోదైంది కాబట్టి గండి వాదన చెల్లదు. అయితే 1.63 రెట్లు అంటే గొప్ప భవిష్యవాణి కాదు. ప్రమాదం ఒకటిన్నర రెట్ల పైచిలుకు, అంతే. పగిలిన తరువాతి చిత్రాలు చూసినప్పుడు కనిపించినంత బలం ఇందులో లేదు. ఫిన్లాండ్‌లోని కువోపియోలో పెద్ద జనాభా మీద చేసి 2016లో ప్రచురించిన పరిశీలన కూడా, పరిమాణంతో నిమిత్తం లేకుండా, వంకర ఆకారానికీ పగలడానికీ సంబంధం ఉందని చెప్పింది. నా ఉద్దేశంలో జపాన్ అంకెదే ఎక్కువ విలువ, చిన్నదైనా సరే.

మన సంత్రాగాఛి ఉద్యోగి దగ్గరకు తిరిగి వద్దాం. ఆయన వైద్యుడు ఫేజెస్ అనే పట్టికను తీస్తాడు. 2014లో ఆరు అధ్యయనాల్లోని 8,382 మంది వివరాలను కలిపి దీన్ని తయారుచేశారు. దేశం, రక్తపోటు, వయసు, పరిమాణం, ఇదివరకు రక్తస్రావం, బుడగ ఉన్న చోటు, ఈ ఆరింటికీ మార్కులు వేస్తారు. ఆయన వయసుకు 0, పరిమాణం 7 మిల్లీమీటర్ల లోపు కాబట్టి 0, రక్తపోటుకు 1, చోటుకు 4. మొత్తం 5. అయిదేళ్లలో పగిలే అవకాశం 1.3 శాతం. బాగానే ఉంది. కానీ దేశానికి ఎన్ని మార్కులు వేయాలి? పట్టికలో ఉన్నవి ఉత్తర అమెరికా, ఫిన్లాండ్ మినహా ఐరోపా, జపాన్, ఫిన్లాండ్. మొదటి రెంటికీ 0, జపాన్‌కు 3, ఫిన్లాండ్‌కు 5. జపాన్ మార్కులు వేస్తే ఇదే మనిషికి 3.2 శాతం. ఫిన్లాండ్ మార్కులు వేస్తే 5.3 శాతం. భారతదేశం గడి ఆ పట్టికలో లేదు. పై లెక్కలో మనం మొదటి రకంగా 0 వేసుకున్నాం, అది కేవలం అలవాటు.

మరో సంగతి, ఈ పట్టికలో ఆకారానికి కూడా గడి లేదు. ఆకారం పనికిరాదని తేలి తీసేయలేదు. కలిపిన అధ్యయనాల్లో అన్నిటిలోనూ ఆకారం నమోదు కాలేదు. బుడగ పెరుగుతుందా లేదా అని అంచనా వేసే ఎలాప్స్ పట్టిక 2017లో వచ్చింది. అందులో ఆకారానికి చోటిచ్చారు.

మన దేశంలో ఈ బుడగలు తక్కువేమో అన్న ప్రశ్న పాతదే. మద్రాసులో న్యూరోసర్జరీకి పునాది వేసిన బి. రామమూర్తి 1969లోనే భారతదేశంలో వీటి సంఖ్య గురించి ఒక పత్రం రాశారు. అప్పట్లో ఇక్కడి ఆసుపత్రుల్లో ఇవి పాశ్చాత్య దేశాలకన్నా తక్కువగా కనిపించేవి. నిజంగా తక్కువా, లేక ఆంజియోగ్రఫీ దాకా చేరకుండానే రోగులు పోయేవారా అన్నది వేరు ప్రశ్న. నేడు హైదరాబాద్‌లోనూ, విశాఖపట్నంలోనూ, కోల్‌కతాలోనూ రోజూ మూడు కొలతల చిత్రాలు తీస్తున్నారు. వాటిలోని ఆకారాలను కొలిచి, ఏళ్లతరబడి వెంట ఉండి చూసేవారు కావాలి. ఇది వైద్యుల పనే కాదు. గణితం, కంప్యూటర్, మెకానికల్ ఇంజినీరింగ్ చదివేవారికి కూడా ఇందులో పని ఉంది.

ఊరుకోవడానికి బదులు చికిత్స చేస్తే? 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ పుర్రె తెరిచి బుడగ మెడకు వెండి క్లిప్పు పెట్టాడు. 1990ల మొదట్లో గుగ్లియెల్మి పద్ధతి వచ్చింది. తొడ దగ్గరి ధమనిలో నుంచి సన్నని గొట్టం పంపి, బుడగను ప్లాటినం తీగ చుట్టలతో నింపుతారు. ఈ చికిత్సలోనూ ఆకారం అడ్డుపడుతుంది, ఒక్కోసారి సాయపడుతుంది. మెడ సన్నగా ఉంటే తీగ చుట్టలు బయటికి జారవు. మెడ వెడల్పయితే స్టెంటు లాంటిది ఆసరాగా పెట్టాలి. అంటే ఎక్కువ ఆస్పెక్ట్ నిష్పత్తి ఉన్న బుడగ పగిలే భయం ఎక్కువున్నా, తీగలతో నింపడానికి అనువైనది. ఇక చికిత్సకు కూడా ప్రమాదం ఉంది. ముందుజాగ్రత్తగా చేసిన చికిత్సల మీద 2019లో వచ్చిన సమీక్షలో, తీగ పద్ధతిలో నూటికి దాదాపు 5 మందికి, శస్త్రచికిత్సలో నూటికి దాదాపు 8 మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది. మరణాలు చాలా అరుదు. 1.3 పక్కన 5 పెట్టి చూస్తే ఊరుకోవడమే మేలనిపిస్తుంది. కానీ ఆ 1.3 అయిదేళ్లకే. 52 ఏళ్ల మనిషికి ముందు ఇంకా పాతికేళ్లుండవచ్చు.

ఆకారం అసలు ఏం చెబుతోంది? హెల్సింకిలో ఫ్రోసెన్ బృందం 2004లో పగిలిన, పగలని బుడగల గోడలను సూక్ష్మదర్శినితో చూసింది. పగిలినవాటిలో కణాలు చచ్చి, తాపం వ్యాపించిన గుర్తులు ఎక్కువ. గోడ అంతా ఒకేలా ఉంటే బుడగ ఒకేలా ఉబ్బుతుంది. ఒకచోట పుచ్చితే అక్కడే బుడిపె లేస్తుంది. కాబట్టి వంకర ఆకారాన్ని, మనం కొలవలేని ఆ గోడ మందం గురించి దూరం నుంచి దొరికే ఆనవాలుగా తీసుకోవచ్చు. ప్రవాహం పాత్ర మీద మాత్రం పండితులకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. రక్తం గోడను గట్టిగా రాచుకుంటే నష్టమని కొందరు, మందగిస్తే నష్టమని కొందరు అన్నారు. ఒక్కో రకం బుడగలో ఒక్కో మార్గం పనిచేస్తుందని 2014లో హుయి మెంగ్ బృందం ప్రతిపాదించింది.

ఇంతలో మన ఉద్యోగి చేయగలిగినది ఉంది. పొగ తాగుతుంటే మానాలి, రక్తపోటును అదుపులో పెట్టుకోవాలి. జీవితంలో ఎన్నడూ ఎరుగనంత తీవ్రమైన తలనొప్పి క్షణాల్లో వస్తే, మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఈ చివరి మాట బుడగ ఉందని తెలియనివారికి కూడా వర్తిస్తుంది, మీ ఇంట్లో అందరికీ చెప్పండి. వైద్యుడు కొంతకాలానికి మళ్లీ స్కానింగ్ చేయించి, రెండు చిత్రాలనూ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి ఉంచి చూస్తాడు. పొడవు 5 మిల్లీమీటర్లే ఉన్నా, నున్నటి గోడ మీద కొత్తగా ఒక బుడిపె లేచి ఉంటే, నిరుటి నిర్ణయం అక్కడితో ఆగిపోతుంది. వైద్యుడూ రోగీ మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి.